పాత గచ్చు మీద కొత్త టైల్స్

మా బావమరిదికి టైల్స్ వేయడం రాదు. పదిహేనేళ్లుగా అదే పని మీద బతుకుతున్నాడు. అయినా రాదు.

మా స్నానాల గదిలో వాడు టైల్స్ వేసిన పదమూడో రోజున గుమ్మం దగ్గర వెంట్రుకంత గీత కనిపించింది. తుడిస్తే పోలేదు. ఇరవయ్యో రోజుకి అది నాలుగు టైల్స్ మీదుగా నడిచి నీళ్లు పోయే తూము దగ్గర ఆగింది. సందుల్లో నింపిన గ్రౌట్‌ను గోటితో గీకితే పాత సున్నంలా రాలింది. రెండు చెంబులు పోసుకుంటే అందులో ఒక చెంబు తూములోకి పోతోంది, ఇంకోటి నేలలోకి పోతోంది.

ఫోన్ చేశాను.

"ఒరేయ్, నీ టైల్స్ పగిలాయి."

"ఏ టైల్స్ బావా?"

"ఎన్నిళ్లలో పగిలాయేంట్రా, ఏవని అడుగుతున్నావ్?"

"బరువైందేమైనా పడేశావా?"

"నన్నే పడేసుకున్నా. స్నానానికని రోజూ అందులో నిలబడుతున్నా. తప్పంటావా?"

"అది కాదు బావా, ఇల్లు పాతది. కాస్త కదులుతుంటుంది."

"ముప్పై ఏళ్లు కదలని ఇల్లు నువ్వొచ్చి వెళ్లాక నడక నేర్చిందా?"

వాడు గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పాడు. ఊరి చివర కొత్తగా కడుతున్న ఆసుపత్రిలో నలభై స్నానాల గదులు ఉన్నాయట. పెద్దమేస్త్రి వాటిని వీడికి అప్పగిద్దామనుకుంటున్నాడట. ముందు వీడు ఒంటరిగా చేసిన పని ఒకటి చూపించమన్నాడట. ఈ తెలివైనవాడు మా ఇల్లు చూపిస్తానని చెప్పేశాడు. రేపే రావడం.

"బావా, రేపొక్క పూట ఆ గీత మీద బకెట్ పెట్టవా?"

"గీత నాలుగు టైల్స్ పొడుగుంది. బకెట్ల కొట్టు తెరవమంటావా?"

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ వచ్చారు. పెద్దమేస్త్రి డెబ్బై దాటిన మనిషి. కూర్చోమంటే కూర్చోలేదు. మంచినీళ్లిస్తే పుచ్చుకోలేదు. చొక్కా జేబులోంచి నాణెం తీసి, గొంతుకూర్చుని, ఒక్కో టైల్ మీదా కొడుతూ వెళ్లాడు. గోడవారన గట్టిగా పలికింది. మధ్యకి వచ్చేసరికి ఖాళీ కుండలా మోగింది. మా వాడి ముఖం కూడా అలాగే ఉంది.

మేస్త్రి సన్న ఉలి అడిగి పగిలిన టైల్స్ రెండు ఎత్తాడు. ఎత్తాడనడం ఎక్కువ. పెట్టె మూతల్లా అవే లేచాయి. అడుగున పాత సిమెంటు గచ్చు కనిపించింది. దాని మీద చీపురుతో గీసిన గీతలున్నాయి. వాటిని కోస్తూ పొడుగాటి పగులు, పైన టైల్స్ మీద ఎలా నడిచిందో కిందా అలాగే.

"కొట్టకుండా పాత గచ్చు మీదే వేశావా?"

"వేశాను మేస్త్రిగారూ."

"ఎందుకు?"

"గీతలున్నాయి కదా, గరుగ్గా ఉంది, పట్టుకుంటుందనుకున్నా."

"ఇన్నేళ్ల సబ్బు నిండిపోయింది ఈ గీతల్లో. సబ్బుకి సిమెంటు అంటుకుంటుందని ఎవడు నేర్పాడు నీకు? నేనైతే నేర్పలేదు."

మా వాడు తల వంచుకున్నాడు.

ఆ గచ్చు నా భార్య వేసింది. ఇల్లు కట్టినవాడు వాలు తిరగేసి పెడితే స్నానం నీళ్లు వంటింట్లోకి వచ్చేవి. వాణ్ణి పిలిచి పిలిచి విసిగి, ఒకరోజు ఆమే సుత్తి పట్టుకుని పగలగొట్టింది. ఆమే సిమెంటు కలిపి పోసింది. ఆరకముందే, మా అమ్మ కాలు జారకుండా చీపురుతో గీతలు గీసింది. మా అమ్మ ఆ తర్వాత తొమ్మిదేళ్లు బతికింది. ఒక్కసారి జారలేదు. నా భార్య పోయిన మూడో ఏడు గచ్చు పగిలి వంటింటి గోడ చెమ్మెక్కింది. టైల్స్‌తో కప్పమని వీణ్ణి పిలిచాను. వీడు సుత్తీ ఉలీ తెచ్చాడు. గచ్చు మీద ఉలి పెడితే మా గుమ్మం తొక్కొద్దన్నాను.

"కొట్టకపోతే నిలవదు బావా," అన్నాడు. అది ఒక్కసారే. తర్వాత ఆ గీతలు తడిమి, "అక్క బాగానే గీసిందిలే, పట్టుకుంటుంది," అన్నాడు. వాడి చదువు అంతే.

మేస్త్రి నాణెం జేబులో వేసుకుని లేచాడు. "నలభై గదులు నీ చేతిలో పెడితే రోగులు చచ్చేది రోగంతో కాదు," అన్నాడు.

బావ వద్దన్నాడని ఒక్క మాట అంటే వాడి పని వాడికి దక్కేది. అనలేదు. నా వైపు కూడా చూడలేదు. దద్దమ్మ.

"కొట్టొద్దన్నది నేను," అన్నాను.

మేస్త్రి నావైపు తిరిగాడు. "మీరు తాపీపని చేస్తారా?"

"చెయ్యను."

"మరి మీ మాట వీడెందుకు విన్నాడు?"

"వాళ్లక్క వేసిన గచ్చు."

ఆయన దాన్ని ఇంకోసారి చూశాడు. "పనిమంతురాలే. అయినా సబ్బు సబ్బే," అన్నాడు. మా వాడి వైపు తిరిగి, "ఇంటాయన ఏదైనా అంటాడు. కాదనలేనివాడు తాపీ ఎందుకు పట్టాలి? ఇప్పుడు కొడతావా, నన్ను వెళ్లమంటావా?" అన్నాడు.

వాడు బయటికెళ్లి సుత్తీ ఉలీ తెచ్చాడు. నేను గుమ్మంలోనే నిలబడి ఉన్నాను.

"బావా, పక్కకి తప్పుకో."

నన్ను వాడు తప్పుకోమనడం అదే మొదటిసారి. తప్పుకున్నాను.

మధ్యాహ్నం దాకా కొట్టాడు. మేస్త్రి చేతులు కట్టుకుని చూస్తూనే ఉన్నాడు. గచ్చు ఊరికే రాలేదు. వాడి చొక్కా తడిసి వీపుకి అంటుకుపోయింది. గీతలున్న అరచేతంత ముక్క ఒకటి వాడు పక్కన పెట్టాడు.

"ఇది ఉంచుకో బావా."

"ఎందుకు, వీపు రుద్దుకోడానికా? గోనెలో వెయ్యి."

వేశాడు. మొత్తం ఎనిమిది గోనెలు. వాటిని వీధి చివరికి నేనే మోశాను. ఆఖరిది సగమే నిండింది. అయినా దాన్ని దారిలో రెండుసార్లు దించాల్సి వచ్చింది.

కొత్త గచ్చు పోసి, ఆరనిచ్చి, మళ్లీ టైల్స్ వేశాడు. మేస్త్రి వచ్చి నాణెంతో మూలమూలా కొట్టి చూశాడు. అంతటా ఒకటే మోత. "వచ్చే వారం ఆసుపత్రికి రా," అని వాడితో చెప్పి వెళ్లిపోయాడు.

మా వాడు మాత్రం వెళ్లలేదు. గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు.

"బావా, ఆయన ముందు నువ్వు ఆ మాట ఒప్పుకుంటావని..."

"తూము దగ్గర సందు వంకరగా ఉంది. చూసుకో."

"అది కాదు. అక్క గచ్చు..."

చెయ్యెత్తి ఆపాను. వాడు చెప్పులేసుకుని వెళ్లాడు.

చుట్టాలు వచ్చి అడుగుతున్నారు, ఆ గచ్చు ఏమైందని. టైల్స్ గురించి అడిగితే చెబుతాను, ఎన్ని వంకరలో లెక్కపెట్టి మరీ. గచ్చు గురించి చెప్పడం ఇదొక్కసారే. ఇక ఎవరడిగినా చెప్పను.