ముంతమామిడి సిర్కా

వాకాడు దగ్గర ఇసుక నేలల్లో ఎండాకాలం వచ్చిందంటే ముంతమామిడి తోటల కింద పండ్లు కుప్పలుగా కుళ్ళేవి. జీడిగింజ ఒలుచుకుని పండు పారేయడం అక్కడి అలవాటు. ఆ పారేసిన పండ్లతోనే ఆనందకుమారి, వంటల్లో పులుపుకు వెనిగర్‌లా వాడే సిర్కా తీసేది. పెళ్ళికి ముందు మిషను బడిలో సైన్సు చెప్పిన మనిషి. రసం పిండి కుండల్లో పోసి గుడ్డ కడితే, కంటికి కనబడని జీవులు ముందు దాన్ని పొంగించి కల్లులా చేస్తాయి. ఇంకొన్నాళ్ళు గాలి తగలనిస్తే వేరే జీవులు చేరి ఆ మత్తును పులుపుగా మారుస్తాయి. పండు వాసన మాత్రం పోదు. చేపల పులుసుకని జనం చెంబులు పట్టుకుని వచ్చేవాళ్ళు.

తోటలో గింజలేరే చెంచమ్మ ఆమెకు తోడు. తోట గంగులయ్యది. "పారేసేవే గదమ్మా, తీసుకుపో" అన్నదీ ఆయనే.

మద్యనిషేధం రోజులవి. ఒక ఉదయం ఎస్సై జవాన్లతో పెరట్లోకి వచ్చి, కొత్త కుండ మీద గుడ్డ లాగి వాసన చూశాడు.

"సారా కాచేదానికి ఊట పులియబెట్టినారు. ఎవురిది?"

"సారా కాదండీ, సిర్కా. అదింకా మారలేదు. ఇదిగో, ఇది మారింది. రుచి చూడండి" అంది ఆనందకుమారి.

ఆయన వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. పులుపుకు మొహం ముడుచుకుపోయింది. నిజం ఆయనకు తెలిసిపోయిందని ఆమెకూ తెలిసింది. అయినా లాఠీతో ముందు ఆ కుండనే కొట్టాడు. మిగిలినవి జవాన్లు పగలగొట్టారు.

రసం గిన్నెతో నిలబడ్డ చెంచమ్మను జీపెక్కించారు. "కుండలు నావి, నన్ను తీసుకుపోండి!" అని ఆనందకుమారి అడ్డం నిలబడింది.

"టీచరమ్మవి, నీకెందుకమ్మా" అని జవాను పక్కకు తప్పించాడు. ఆ మర్యాద ఆమెకు చెంపదెబ్బలా తగిలింది.

కబురెవరిచ్చారో సాయంత్రానికి తెలిసింది. తోట చివర సరుగుడు చెట్ల చాటున గంగులయ్య ఆ పండ్లతోనే సారా కాస్తాడని ఊరందరికీ తెలుసు. వాసన వెతుక్కుంటూ వచ్చిన పోలీసులకు ఆయన ఈమె పెరడు చూపించాడు.

ఆనందకుమారి ఆయన వాకిట్లో నిలబడి వీధంతా వినేలా అడిగింది. "నీ బట్టీ దాచుకోడానికి చెంచమ్మను పట్టిస్తావా? నీ తోటలో వంగి వంగి నడుం పోగొట్టుకున్న మనిషిని?"

"అరవమాక టీచరమ్మా" అన్నాడు గంగులయ్య, తమలపాకు ఈనె తీస్తూ. "రేపు విడిపిస్తాలే. నా మాట వింటారు."

"విడిపించేవాడివి నువ్వయితే పట్టించిందీ నువ్వే. అందరూ విన్నారా?"

అరుగుల మీదివాళ్ళు ఒక్కొక్కరే లేచి లోపలికి పోయారు.

మర్నాడు చెంచమ్మ స్టేషను నుంచి తిరిగొచ్చింది. ఆనందకుమారి ఎదురెళితే తల తిప్పుకుంది. "మీకు కోపం ఉండాదక్కా. నాకు కూలి ఉండాది. నన్నొదిలెయ్యండి."

ఆనందకుమారి వెనక్కి వచ్చి పెరట్లో పగిలిన పెంకులన్నీ ఏరి పోసింది.

పండ్లు ఆమెకు దక్కకుండా గంగులయ్య ఇసుకలో పూడ్పించాడు. ఆమె కోట ఊరి సంతలో మగ్గి పారేసిన అరటిపండ్లు బండికెత్తించింది. ఈసారి కుండలు వీధి అరుగు మీదే పెట్టింది. ఎస్సై జీపు కనబడితే చాలు, గుడ్డ తీసి పట్టుకుని "వాసన చూసి పోండి!" అని కేక వేసేది. జీపు ఒక్కసారీ ఆగలేదు.

సిర్కా పులిశాక, చెంబు కొంగు చాటున పెట్టుకుని గంగులయ్య భార్య వచ్చింది.

"పొయ్యను" అంది ఆనందకుమారి. "మీ ఆయన్నే రమ్మను. వచ్చేటప్పుడు చెంచమ్మ గుడిసె దగ్గర ఆగి, నలుగురిలో తప్పు ఒప్పుకుని రమ్మను."

ఖాళీ చెంబుతో ఆమె వెళ్ళిపోయింది. గంగులయ్య రానే లేదు. ఆ ఇంటికి ఆనందకుమారి మళ్ళీ చుక్క సిర్కా పోయలేదు.