అందరికీ నూట ఎనభై

ఫోన్లో ప్రిన్సిపాల్ చెప్పింది విని సుప్రజ గరిటె పట్టుకునే ఒక గంతు వేసింది.

"నీ క్లాసులో నలభై రెండు మందికీ ఇరవైకి ఇరవై వచ్చినాయమ్మా! రేపు కమిటీ వస్తాది. నీ కంప్యూటర్ పద్ధతి డిగ్రీ సైన్సు క్లాసులన్నిటికీ పెడదామని చెప్తా."

పెళ్ళయి ఇరవై రోజులు, కర్నూలు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పబట్టి ఆరు నెలలు. సంతోషం పట్టలేక మొగుడు భూపేష్ నోట్లో ఉగ్గాని కుక్కింది.

"ఒక్కరు కూడా తప్పలేదా?" అన్నాడతను నములుతూ. "మా కాలంలో సార్లే తప్పుతాండ్రి."

ఆమె నవ్వుతూ ల్యాప్‌టాప్ తెరిచింది. నవ్వు సగంలోనే ఆగింది. పిల్లలు మొదట కంప్యూటర్లో ఉత్తుత్తి కొలత గొట్టం, అదే బ్యూరెట్‌తో సాధన చేశారు. తర్వాత ఇంటి నుంచి సీసాల్లో తెచ్చిన నీళ్ళ కాఠిన్యం, అంటే లీటరుకు ఎన్ని మిల్లీగ్రాముల సున్నం ఉందో, ల్యాబ్‌లో కొలిచి, ఆన్‌లైన్ ఫారంలో నింపారు. మంత్రాలయం నది నీళ్ళు, ఆత్మకూరు బోరు నీళ్ళు, అన్నీ నూట ఎనభయ్యే!

"బావా, ఊళ్ళన్నీ ఒకే కుండలో తాగుతాండాయా ఏమి?"

"మన టీ గిన్నె అడుగు చూడు, సున్నం కొట్టినట్టుండాది. నూట ఎనభైకే అంత పేరుకుంటాదా?"

పిల్లలు చూసి రాశారా? కంప్యూటర్ చెడిందా? ఆత్మకూరు పిల్ల శివజ్యోతికి ఫోన్ చేసింది.

"నిజం చెప్పు పాపా, నీకెంత వచ్చింది?"

"ఎనిమిది వందల నలభై మేడమ్. మూడుసార్లు చేసినా."

"మరి అది రాయలేదేం?"

"రాస్తే ఎర్రగా తప్పు పడె. సాధనలో వచ్చిన నూట ఎనభై పెడితే పచ్చగా వచ్చె. కంప్యూటర్ కన్నా నాకు తెలుసా అని అదే పెట్టినా. అందరం అంతే మేడమ్."

సుప్రజ ఫారం తెరిచి చూసింది. సాధన ఫారాన్నే పరీక్షకూ వాడింది తను. అందులో ముందే పెట్టిన నూట ఎనభై జవాబును తీసెయ్యడం మరిచింది తను. ఒప్పుగా కొలిచిన పిల్లలు తప్పు రాసి గెలిచారు. చెబితే కంప్యూటర్లకే ఎసరు, చెప్పకపోతే ఈ తప్పు క్లాసులన్నిటికీ పాకుతుంది. కాసేపు గరిటెను అటూ ఇటూ తిప్పింది. చివరికి ప్రిన్సిపాల్‌కు ఫోన్ కలిపింది.

"సార్, ఆ మార్కులు చెల్లవు. తప్పు నాది," అని జరిగిందంతా చెప్పింది.

"అయ్యో! కమిటీకి ఏం చెప్పాల? కంప్యూటర్లను అటకెక్కిస్తారు!"

"తప్పు కంప్యూటర్లది కాదు సార్. రేపు పది గంటలకు వాళ్ళను ల్యాబ్‌కే తీసుకురండి. పిల్లలు వాళ్ళ ముందే మళ్ళీ కొలుస్తారు, ఎంత వస్తే అంత ఫారంలో పెడతారు. ఈసారి నేను జవాబు ముందే పెట్టను."