సీసాలో తరవాణి

అసిరయ్య అన్నం మానేశాడు. అలిగి కాదు. నోట్లో పెట్టుకున్న ముద్ద తుప్పు పట్టిన మేకులా ఉంటోందని మానేశాడు.

రెండువేల ఆరు ఎండాకాలం అది. డొంకూరులో అప్పటికే అలాంటి నోళ్లు చాలా ఉన్నాయి. ఉద్దానమంతా కిడ్నీలు పోతున్నాయి. ఎందుకు పోతున్నాయో చెప్పేవాడు లేడు. పెద్ద డాక్టర్లు కార్లలో వచ్చారు, నూతుల్లోంచి నీళ్లు పట్టుకెళ్లారు, మనుషుల్లోంచి రక్తం పట్టుకెళ్లారు. జవాబు మాత్రం పట్టుకురాలేదు.

జవాబు లేని చోట నోరున్న ప్రతివాడూ వైద్యుడే. జీడితోటలకి కొట్టే మందు అన్నారు, నూతినీళ్లు అన్నారు, ఎండుచేప అన్నారు. పక్కింటి ఎర్రమ్మ తరవాణి అంది.

"ఆ పులిసిన నీల్లేనే గౌరమ్మా, మనిసిని లోపల్నించి కొరికేత్తన్నాయి."

అసిరయ్య పెళ్లాం గౌరమ్మ ఆ మాట నమ్మేసింది. భయపడ్డ మనిషి ఏదో ఒకటి నమ్మాలి కదా. తరవాణి కుండ తీసుకెళ్లి ఇసకలో పగలగొట్టింది. అత్త సూరమ్మ చేతి నుంచి వచ్చిన కుండ అది. గంజీ, గుప్పెడు మెతుకులూ వేసి పులవబెట్టడం, తీసినంత మళ్లీ పొయ్యడం, అడుగు ఎన్నడూ ఖాళీ చెయ్యకపోవడం. సముద్రంలో చేపల వేటకి వెళ్లే ముందు అసిరయ్య చద్దన్నంలో ఆ పుల్లటి నీళ్లే పోసుకుని తినేవాడు. కుండ పోయింది. రోగం పోలేదు.

ఇప్పుడు పగలంతా నులక మంచం మీద కళ్లు మూసుకుని పడుకుంటాడు. నిద్రా కాదు, మెలకువా కాదు. మంచం పడవలా ఊగుతోందంటాడు. కొబ్బరాకుల నీడలు ఒంటి మీద పాకుతుంటే చేపలు వచ్చాయనుకుని చెయ్యి చాపుతాడు. ఆసుపత్రి వాళ్లు మందులిచ్చారు, తాగే నీళ్లకి కొలత పెట్టారు, ఉప్పు వద్దన్నారు. కడుపులోకి మెతుకు పోకపోతే ఆ మందులు ఏం చేస్తాయి? గౌరమ్మకి కావలసింది ఒక్కటే. ఒక్క ముద్ద లోపలికి వెళ్లాలి.

ఆ మధ్యాహ్నం ఆమె తమ్ముడు ప్రేమ్‌కుమార్ వచ్చాడు. దేశాలు తిరిగే ఓడల్లో ఉంటూ వాటికి రంగులు వేసే పని అతనిది. ఓడ దిగి నేరుగా అక్క ఇంటికే వచ్చాడు.

"ఏటి బావా, ఇలగైపోనావు?"

అసిరయ్య ఒక కన్ను తెరిచాడు. "నాకేటైంది? నీ పొట్ట సూసుకో ముందు. నెల్లు నిండినట్టుంది."

ప్రేమ్‌కుమార్ నవ్వి సంచిలోంచి లావుపాటి సీసా తీశాడు. బిరడాని ఇనపతీగతో బిగించారు. సీసా మీద మేక బొమ్మ.

"జర్మనీలో ఓడ ఆగినప్పుడు కొన్నాను బావా. గోదుమ బీరు. ఫ్యాక్టరీ కాదు, ఎర్రమ్మ జీడిపిక్కలు కాల్చే పాకంత ఉంతాది, అంతే. ఒక ముసిలోడు, ఆడి కూతురు. ఆలిద్దరే గోదుమలు నానెడతారు, ఉడకెడతారు, పులవెడతారు."

గౌరమ్మ చీపురు పట్టుకుని వచ్చింది. "రోగిస్టి మనిసి ముందు మందు సీసా ఎడతావా? సిగ్గునేదేట్రా నీకు?"

"ఓలప్పా, బావకి కాదే! నాకోసం తెచ్చుకున్నాను."

తీగ విప్పగానే బిరడా ఎగిరిపోయింది. తెల్లటి నురగ పొంగి ఇసకలోకి కారింది. అసిరయ్య ముక్కుపుటాలు కదిలాయి.

"పులుపు కొడతందిరా," అన్నాడు. "నాకో సుక్క ఎయ్యి."

గౌరమ్మ చీపురు పట్టుకుని ఉన్నచోటే ఆగిపోయింది. నోటికి ఏదైనా కావాలని అతను అడిగి ఎన్నాళ్లయిందో. వద్దనబోయి, చీపురు కింద పడేసింది.

"ముందు నేను సూత్తాను."

"నువ్వా! అప్పా, నువ్వు బీరు తాగుతావా?"

"నోర్ముయ్. ఆయనకెట్టే మందుబిల్లే నాలిక మీద ఎట్టుకు సూసినాను. ఇదో లెక్కా?"

స్టీలు గ్లాసులో పోయించుకుని కూర్చుంది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ మందు ముట్టని మనిషి. కళ్లు మూసుకుని ఒక గుటక వేసింది.

మొదట ఎండ్రకాయ పిల్లలు నాలిక మీద పరిగెత్తినట్టు చురచురలాడింది. తర్వాత పులుపు వచ్చింది. చింతపండు పులుపు కాదు, మావిడికాయ పులుపు కాదు. గింజ తనంత తాను పులిసిన పులుపు. నాలిక వెనక నుంచి మెల్లగా, కెరటం వెనక్కి తీసినట్టు. దాని అడుగున నమిలిన గోధుమ తీపి.

సముద్రం హోరు ఎక్కడికో తగ్గిపోయింది. మధ్యాహ్నం కాస్తా తెల్లవారుజామైంది. సూరమ్మ తడి జుట్టు ముడేసుకుని కుండ మూతి మీద గుడ్డ విప్పుతోంది. ఆ వెనక మంచు. మంచు వెనక గౌరమ్మ ఎన్నడూ చూడని పంట, వరికన్నా ఎత్తు, గాలికి పక్కలకి వాలుతూ లేస్తూ. పంట మధ్యలో ఒక తెల్లపిల్ల, ఆ ముసలాడి కూతురు కాబోలు, గంగాళంలోంచి గరిటెడు తీసి నాలిక్కి తగిలించుకుని, పులిసిందా అని కళ్లతోనే అడుగుతోంది. పులిసిందమ్మా అని గౌరమ్మ తలూపింది. ఏ భాషలోనో తెలీదు. సీసా మీద ఎవడి మేక బొమ్మ అతికించినా, గింజ నానితే అది చేసేది ఒక్కటే పని.

"అప్పా? ఏటైంది? నిద్రోయావేటే?"

గౌరమ్మ లేచింది. లోపలికి వెళ్లి గిన్నెలో చద్దన్నం తెచ్చింది. ఉల్లిపాయ చితక్కొట్టి వేసింది. పచ్చిమిరపకాయ తుంచి వేసింది. తమ్ముడి చేతిలోంచి సీసా లాక్కుని అన్నం మీద కాస్త వంచింది.

"ఓలప్పా! అది బీరే! అన్నంలో పోత్తావేటి! ఆ ముసిలోడు సూత్తే ఏడుత్తాడే!"

"ఏడవనీ. ఆడికీ ఓ గిన్నెడు ఎడతాను." మొగుడి వైపు తిరిగింది. "ఇదిగో, ఈ తడంతా నీ సాయంత్రం నీల్లలోంచి కోసేత్తాను. ఇనపడిందా?"

మెతుకుల మధ్య నురగ బుసబుసమంది. పిసికి, ముద్ద చేసి అతని నోటికి అందించింది.

అసిరయ్య నోరు మూశాడు. కళ్లు మూశాడు. దవడ కదల్లేదు. గౌరమ్మ అతని గొంతు వైపే చూస్తూ కూర్చుంది. ఎక్కడికి వెళ్లాడో, ఏ నీళ్ల మీద ఉన్నాడో, చెయ్యి మాత్రం మంచం పట్టె మీద తెడ్డు పట్టుకున్నట్టు బిగుసుకుంది. కొబ్బరి మట్టలు గాలికి ఒరుసుకున్నాయి.

గొంతు కదిలింది. ముద్ద దిగింది.

"ఉప్పేదే?" అన్నాడు.

"ఉప్పొద్దన్నారు."

"అన్నోలు తింతన్నారా, నేను తింతన్నానా?" మోచేతి మీద లేచి కూర్చున్నాడు. గిన్నె ఆమె చేతిలోంచి లాక్కున్నాడు. "ఉప్పునేకుండా అన్నం కలిపే ఆడదాన్ని నిన్నే సూసినాను. మీ ఇంట్లో ఇలగే తింతారేటి? గొడ్లకైనా ఏత్తారే కల్లు ఉప్పు!"

మధ్యలో ఒక ముద్ద పెట్టుకున్నాడు. నములుతూనే ఆమె వంటనీ, పుట్టింటినీ, పెళ్లినాడు వడ్డించిన పప్పునీ తిట్టాడు. ప్రేమ్‌కుమార్ అక్క తరఫున ఏదో అనబోతే, గౌరమ్మ అతని నోటి మీద చెయ్యి పెట్టి ఆపేసింది.

ఉప్పు వెయ్యలేదు. గిన్నె వైపు చూస్తూ, "ఇంకా?" అంది.

అతను తిట్లూ, ముద్దా రెండూ మళ్లీ అందుకున్నాడు.