బేకెన్ పేరు వెనక

నేను ఒక రేకు ముక్కను. అరల్ సముద్రపు ఒడ్డున, కజఖ్ పల్లెలో సమాధిరాళ్లు చెక్కే జుమాష్ నన్ను చేపల డబ్బా నుంచి కత్తిరించాడు. నా పెట్టుబడంతా అక్షరాల ఆకారంలో ఉన్న చిల్లులే: "నింగ్". ఆ భాషలో పేరు వెనక నేను చేరితే "ఫలానావాడి" అని అర్థం. పేరులో అచ్చులు గొంతు లోపలి నుంచి పలికే బరువైనవైతే నేను పనికిరాను. ఆ బేరం ఇంకో రేకుది. సొత్తుకూ ఒక తోక ఉంటుంది. సమాధి "కబీర్", ఫలానావాడిదైతే "కబీరి". సొంతదారు వెనక నేను, సొత్తు వెనక అది. చెరో కొస పట్టుకున్నామంటే ఇక విడిపించడం కష్టం.

చనిపోయాక ఏ సొత్తూ వెంట రాదని ఏడ్చే మనుషులు, ఆ ఒక్క సొత్తు మీద మాత్రం పేరు తప్పు పడకూడదని జుమాష్‌తో పోట్లాడేవారు.

ఆ చలికాలం మంచు విరిగి జాలరి బేకెన్ మునిగిపోయాడు. శవం దొరకలేదు. రాయి నిలబెడితే భార్య రబిగా విధవ అవుతుంది. ఆ ఇంటి ఆనవాయితీ ప్రకారం ఆమెనూ ఇంటినీ బేకెన్ అన్న తస్‌బొలాత్ తీసుకుంటాడు. అతను అప్పుడే రాయి పురమాయించాడు.

రాయి మీద పేరు చెక్కడం అయిన రోజే రబిగా జుమాష్ కొట్టుకు వచ్చింది. "జుమాష్ అన్నా, ఆ రేకు ఒక పూట ఇస్తావా?"

"సమాధి రేకు ఇంట్లో ఎందుకమ్మా? గిన్నెల మీద పేర్లు వేస్తావా ఏం?"

"ఆ, గిన్నెల మీదే."

నిజంగానే వేసింది. వేలితో మసి తీసి బేకెన్ పేరు రాసి, వెనక నన్ను అదిమి అద్దింది. టీ గిన్నె, బూట్లు, పరుపు, తలుపు. చివరికి తన మణికట్టు.

తస్‌బొలాత్ గుమ్మంలోనే కేకేశాడు. "రాయి నిలబెట్టాం. సామాను సర్దుకో."

"నావి సర్దుకోమంటే సర్దుకుంటాను బావగారూ. ఏవి నావో చూపించండి."

అతను చుట్టూ చూశాడు. ఒడ్డు చేరని మనిషి తన వస్తువుల కోసం వస్తాడని ఆ పల్లెలో భయం. రబిగా చెయ్యి చాపి మణికట్టు చూపించింది.

"తీసుకెళ్లండి. ఆయన వచ్చి అడిగితే జవాబు మీరే చెప్పుకోవాలి."

"నీకు పిచ్చి పట్టింది!" అంటూ వెనక్కి తగ్గాడు. మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు.

నన్ను ఆమె తిరిగి ఇవ్వలేదు. మసి చెరిగినప్పుడల్లా కొత్తగా అద్దుతుంది. ఆ టీ గిన్నెలో టీ పోసి, చల్లారాక పారబోస్తుంది. తాను మాత్రం దోసిట్లో నీళ్లు తాగుతుంది.

లెక్క తేల్చుకుంటే, రబిగాను ఎవరూ తీసుకుపోలేదు. ఇల్లు దక్కింది. ఆ ఇంట్లో ఆమెది అనదగ్గది ఒక్కటీ లేదు.