కిటికీ ముందుకొచ్చిన చెట్లు

మాదాపూర్‌లో కొత్తింటికి కట్టిన గృహప్రవేశపు తోరణాలు ఎండకముందే జయంతి మంచాన పడింది. రెండు వేల సంవత్సరం ముంచుకొస్తోందని ప్రోగ్రాముల్లో తేదీలు సరిచేస్తూ ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుని కూర్చుని నడుం పట్టేసింది. వెన్నులో డిస్కు జారిందన్నారు డాక్టర్లు. కదలకుండా పడుకోమన్నారు.

ఈ వానల్లోనే తోట వేయాలని ఆమెకెంతో ఆశ. అందరిళ్లలోలా నిటారుగా నిలబడే అశోక చెట్లు కాదు, దారిన పోయేవాళ్లు ఆగి చూసే వింత ఆకారాలవి కావాలనుకుంది. ఇప్పుడు కిటికీలోంచి కనిపించేదల్లా ఎర్రమట్టి, ప్రహరీ, దాని అవతల బండరాళ్లు.

"నర్సరీకి వెళ్లే యోగం లేదు. మీ అబ్బాయికి చెప్పండి, ఏవో రెండు అశోకలు పాతించేయమని," అంది ఓ ఉదయం విసుగ్గా.

కోడలికి సాయంగా కాకినాడ నుంచి వచ్చిన పుణ్యవతి దిండు సర్ది వెళ్లిపోయింది. పెళ్లైనప్పటినుంచీ ఇద్దరి మధ్యా మర్యాదే తప్ప చనువు లేదు.

మర్నాడు ఇంటి ముందు ట్రాలీ ఆటో ఆగింది.

"కొంచెం ఇటు తిప్పు బాబూ, మా కోడలికి కనబడాలి!" అత్తగారి గొంతు.

జయంతి తల తిప్పి చూసింది. కిటికీ అవతల నర్సరీ ఎల్లయ్య కుండీ ఎత్తి పట్టుకున్నాడు.

"ఇండ్లకు తెచ్చి చూపిచ్చుడు నాకు గిదే మొదలు అమ్మా. మీ అత్తమ్మ ఊకుంటలేదు. అన్నీ ఎక్కిచ్చిందాంక ఎండలకెల్లి కదల్లే," అన్నాడు నవ్వుతూ.

ఒక్కొక్కటే కిటికీ ముందుకొచ్చింది. విసనకర్రలా పరుచుకున్న ట్రావెలర్స్ పామ్. జంతికలా మెలి తిప్పి కత్తిరించిన జునిపెర్. అడుగున ఉబ్బిన బాటిల్ పామ్.

"ఇదేంటమ్మాయ్, అచ్చం మీ మామయ్యగారి పొట్టలా ఉంది!"

జయంతికి నవ్వాగలేదు. నడుం కలుక్కుమంది, అయినా నవ్వింది. మంచమెక్కాక అదే మొదటి నవ్వు.

చివరికి దేవగన్నేరు మొక్కొకటి మిగిలింది. దాని కాండం సగం దాకా పక్కకి వాలి, మళ్లీ పైకి తిరిగి ఉంది.

"ఇది జర వంకరున్నది. వేరేది తెస్త," అన్నాడు ఎల్లయ్య.

"వద్దు, అదే కావాలి. వాలిన వైపు నా కిటికీకి రావాలి."

ఆ సాయంత్రమే జయంతి వేలు చూపించిన చోటల్లా పుణ్యవతి దగ్గరుండి గోతులు తీయించింది. చీర కుచ్చిళ్లకి మట్టి, ముఖమంతా ఎండకి కందిపోయి గదిలోకొచ్చింది.

"నాకోసం ఎందుకింత శ్రమ పడ్డారు అత్తయ్యా?" అడిగింది జయంతి. ఎప్పుడూ పక్కనుండే 'గారు' ఎలా జారిపోయిందో ఆమెకే తెలియలేదు.

"పడుకున్నావు సరే. కోరుకున్నది నీ కళ్లతో నువ్వు ఎంచుకోవద్దూ?" అంది పుణ్యవతి.

వానలు బాగా పడ్డాయి. నడుముకి బెల్టు బిగించుకుని జయంతి మొదటిసారి తోటలోకి వచ్చిన రోజున, దేవగన్నేరు కొమ్మల చివర లేతాకులు విచ్చుకుంటున్నాయి. ఆమె కళ్లు చెమర్చాయి. అత్తగారి కాళ్లకి దణ్ణం పెట్టాలనిపించింది. వంగకూడదన్నాడు డాక్టరు. అందుకని ఆవిడ భుజాల చుట్టూ చేతులు వేసి గట్టిగా పట్టుకుంది.

"నెమ్మది, నెమ్మది," అంటూనే పుణ్యవతి కూడా వదల్లేదు.