ముందుగా తెరిచిన కిటికీ

"మా నాన్న పోయే ముందు స్వర్గం చూశారు," అని లోరెన్ మైకులో అనేసరికి చర్చి చర్చంతా ముక్కు చీదింది. మొదటి వరుసలో, తల్లి పక్కన కూర్చున్న కొరీన్ మాత్రం తలెత్తలేదు. ఒళ్ళో ఉన్న తన చేతులనే చూసుకుంటూ ఉండిపోయింది. తండ్రి పోయిన గదిలో కిటికీ గడియ తీసినవి ఆ చేతులే.

తక్కినదంతా అన్న లోరెన్ నిజమే చెప్పాడు. ఆర్విడ్ హౌగ్‌స్టాడ్ ఊళ్ళోని వృద్ధుల ఆసుపత్రిలో నర్సుగా జీవితం గడిపాడు. ఉత్తర మిన్నెసోటా చలికాలంలో, చీకటుండగానే లేచి, భార్య కారు కదలడానికి వాకిట్లో మంచు తవ్వి, పిల్లల రొట్టెలకు వెన్న రాసి, అప్పుడు పనికి వెళ్ళేవాడు. పని దిగితే ఇల్లు, ఇల్లు వదిలితే పని. ఈ రెంటి మధ్య మూడో గుమ్మం ఎక్కినవాడు కాడు. ఆ చర్చిలో కూర్చున్నవారిలో ఎవరి తల్లో, ఎవరి తాతో అతడి చేతిలో చెయ్యి ఉంచి కన్నుమూసినవారే.

ప్రాణం పోయిన గదికి కిటికీ తెరవడం ఆ ఆసుపత్రి నర్సుల ఆచారం. ఎంత చలైనా సరే, బెత్తెడు సందైనా సరే, పోయేవారికి దారి వదలాలి. ఏ పాస్టరూ బోధించింది కాదు, ఒక నర్సును చూసి మరొక నర్సు నేర్చుకున్నది. కొరీన్ కూడా అక్కడే నర్సు. ఆమె తండ్రిని చూసి నేర్చుకుంది.

"తొందరపడకమ్మా," అనేవాడు ఆర్విడ్. "ఇదే ఆఖరి ఊపిరి అనుకున్నాక ఇంకో ఊపిరొస్తుంది. ఒక కీర్తన మొదట్నుంచి చివరిదాకా మనసులో పాడుకో. ఆ తర్వాతే గడియ మీద చెయ్యి వెయ్యి."

తండ్రి వంతు వచ్చిన మధ్యాహ్నం కొరీన్ ఏ కీర్తనా పాడలేదు. వారాల తరబడి డ్యూటీలో ఇతరుల మంచాల పక్కన నిలబడి, డ్యూటీ దిగాక అదే ఆసుపత్రిలో తండ్రి మంచం పక్కన కూర్చుని, ఆమె ఒళ్ళు పుల్లలా ఎండిపోయింది. తండ్రి ఊపిరి ఆగింది. ఆగిపోయిందనుకుంది. ఆగిపోతే బాగుండుననీ అనుకుంది. అనుకున్నదే అయిందని నమ్మి, లేచి వెళ్ళి కిటికీ తెరిచింది.

మంచుగాలి లోపలికి వచ్చింది. వెనకనుంచి తండ్రి గొంతూ వచ్చింది.

"ఎవరు పోయారమ్మా?"

ఆ గదిలో రెండో మంచం లేదు. ఆర్విడ్ కిటికీని చూశాడు, కూతురిని చూశాడు, మళ్ళీ కిటికీని చూశాడు. బతుకంతా చేసిన పనికి అర్థం అతడికి ఒకరు చెప్పాలా? కొరీన్ గబగబా కిటికీ మూసింది.

"చలేస్తోందా నాన్నా?" అంది.

అతడు ఆ తరువాత రెండు రోజులు బతికాడు. పలకలేదు, పాలు తాగలేదు, కన్ను మూయలేదు. మూస్తే కూతురు ఎక్కడ మళ్ళీ తెరుస్తుందోనన్నట్టు ఆ కిటికీకి కాపలా కాశాడు.

కిటికీ తెరిచిన సాయంత్రమే వచ్చిన తల్లి ఆర్డిస్, "గదేంటే ఇంత చల్లగా ఉంది?" అని అడిగింది. "గాలి కోసం తెరిచానమ్మా," అంది కొరీన్. ఆర్డిస్ తన చూపునూ భర్త చూపు వెంటే పంపింది. బయట మంచు, మంచు మీద వెలుగు. ఏం చూస్తున్నావని అడిగీ అడిగీ, మరునాటికి స్వర్గమని జవాబు తనే చెప్పుకుంది. అది విని లోరెన్ మైకు దాకా తెచ్చాడు.

ప్రార్థన ముగిశాక అందరూ చర్చి కింది హాలులోకి దిగారు. పంది మాంసం పెట్టిన బన్నులు, రంగురంగుల జెల్లీ, పలచని కాఫీ. కొరీన్ పళ్ళేలు అందిస్తూ ఉంటే మేనత్త వెర్నా పక్కకొచ్చి నిలబడింది.

"ఇన్సూరెన్సులు అమ్మీ అమ్మీ మీ అన్నకి నోరు బాగా తిరిగిందే. ఇవాళ స్వర్గం కూడా అమ్మేశాడు."

"బన్ను తీసుకో అత్తా."

"చిన్నప్పుడు మా తమ్ముడూ నేనూ చెరువు గడ్డకట్టాక చేపలకి వెళ్ళేవాళ్ళం. ఓసారి వాడి కాళ్ళ కింద మంచు చిట్లింది. అప్పుడు చూశాను వాడి మొహం. మళ్ళీ మొన్న ఆ మంచం మీద చూశాను." గొంతు తగ్గించింది. "దేన్ని చూసి బెదిరాడే వాడు?"

"ఏమో, నాకేం తెలుసు."

"నీకు తెలుసు. నాకు చెప్పక్కర్లేదు. మీ అమ్మకి చెప్పు. మొగుడు ఎలా పోయాడో తెలియకుండా ఎలా బతుకుతుంది అది?"

కొరీన్ కళ్ళు తల్లిని వెతికాయి. ఆర్డిస్‌కు చావంటే చచ్చేంత భయం. తన గుండె జబ్బు ముదిరినప్పటినుంచి దీపం ఆర్పనిచ్చేది కాదు, భర్త చెయ్యి వదిలేది కాదు. ఇప్పుడా చెయ్యి లేదు. దాని చోట ఈ స్వర్గం ఉంది. చెబితే అదీ పోతుంది, చెప్పకపోతే తను ఊపిరాడక పోతుంది. చెప్పేద్దామనే కొరీన్ తల్లి కూర్చున్న బల్ల దగ్గరకు నడిచింది. వెర్నా కాఫీ కప్పుతో వెంటే వచ్చింది.

బల్ల చుట్టూ ఆ చర్చి ముసలమ్మలు. నడుమ ఆర్డిస్, చాలా రోజుల తరువాత కడుపునిండా తింటూ.

"రావే, కూర్చో. రాత్రి దీపం ఆర్పేసి పడుకున్నానని వీళ్ళకి చెప్తున్నా."

"అమ్మా, నీకో మాట చెప్పాలి."

"ముందు నా మాట విను. నా వంతొచ్చినప్పుడు నువ్వేగా పక్కనుండేది? కిటికీ నేను పోయాక తెరవకు. పోయాక తెరిస్తే నాకేం కనపడుతుంది, నీ మొహం? నాన్నకి తెరిచినట్టు, కంట్లో చూపుండగానే తెరువు. ఆయన చూసింది నేనూ చూడాలి."

కొరీన్ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"చెప్పవే," అంది వెనకనుంచి వెర్నా. "ఏదో చెప్పాలన్నావుగా."

తల్లి పెదవి అంచున జెల్లీ అంటుకుని ఉంది. కొరీన్ కాగితం రుమాలుతో దాన్ని తుడిచింది.

"సరేనమ్మా. తెరుస్తాను."

"మాటిచ్చినట్టేనా?"

"ఇచ్చినట్టే."

"నాకూ అలాగేనమ్మా," అంది ఎదురుగా కూర్చున్న ఓర్ఫా. "ఎలాగూ మీ ఆసుపత్రికే వస్తాను."

"ముందు దానికి వినికిడి మిషను పెట్టు. లేకపోతే దేవదూతలు పిలిచినా ఏంటీ ఏంటీ అంటుంది," అంది ఇంకొకామె. బల్లంతా నవ్వింది. "నాకు మాత్రం చెరువు వైపు గది ఇప్పించు తల్లీ," అంది ఆవిడే.

కొరీన్ ఒక్కొక్కరికీ సరేనంది. ఒక్కొక్కరూ ఆమె చెయ్యి పట్టుకుని నొక్కారు. వెర్నా కప్పు బల్ల మీద పెట్టింది.

"నా దగ్గరికి మాత్రం నువ్వు రాకు," అని, కోటు తెచ్చుకోవడానికి వెళ్ళిపోయింది.

ఆడబడుచు వెళ్ళినవైపు చూసి, ఆర్డిస్ కూతురి చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"పోనీలేవే," అంది జాలిగా. "పాపం, దానికింకా చావంటే భయం."