కోర్టు మొహం గల శుభలేఖ

నేను ఒక ఇంగ్లీషు అచ్చును. అంటే ఒక్క అక్షరాన్ని కాదు, సీసంతో పోత పోసిన ఒక కుటుంబాన్ని. మద్రాసులో పుట్టి, చెక్కపెట్టెలో పాలకొల్లు విజయదుర్గా ప్రెస్సుకు వచ్చాను. నా నిలువు గీతలు లావు, అడ్డ గీతలు సన్నం. ప్రతి గీత చివరా చిన్న పాదం ఉంటుంది. అందువల్ల నేను కాగితం మీద స్థిరంగా నిలబడతాను. స్థిరంగా నిలబడేవాటిని చూస్తే మనుషులకు గౌరవం కలుగుతుంది; గౌరవం ముదిరితే భయమవుతుంది.

ఆ భయానికి మరో కారణమూ ఉంది. ఊళ్లో ఇంగ్లీషుతో పని ప్లీడర్లకే కనుక, ఇరవై ఏళ్లపాటు నాతో కోర్టు నోటీసులే వేయించారు. చదవడం రానివారు సైతం నన్ను చూడగానే పెరటిదారి పట్టేవారు.

అటువంటి నాతో ధర్మారావు గారు తమ కూతురు సువర్చల పెళ్లికి శుభలేఖలు వేయించారు. ఆమె మేనమామ అచ్యుతరామయ్య గారిది ఆచంట. ధర్మారావు గారి పెరటికీ, దాని పక్కనే ఉన్న ఆయన స్థలానికీ సరిహద్దులోని పనసచెట్టు ఎవరిదన్న తగవుతో బావా బావమరుదులకు ఆరేళ్లుగా మాటల్లేవు. పెళ్లికూతుర్ని గంపలో మండపానికి మోసుకురావలసినవాడు మేనమామ.

"మావయ్య ఎత్తకపోతే నేను గంపెక్కను నాన్నా. పీటల మీదికీ రాను," అని సువర్చల తేల్చేసింది.

స్వయంగా వెళ్లి పిలవడానికి తండ్రికి అభిమానం అడ్డొచ్చింది. తెలుగు కార్డయితే చులకన చేశామనుకుంటారని, ఇంగ్లీషుది పోస్టులో పంపారు.

అచ్యుతరామయ్య గారు కార్డు మీద నన్ను చూసి తిన్నగా ప్లీడరు గుమాస్తా పూర్ణయ్య దగ్గరకు పరుగెత్తారు. పూర్ణయ్య ఇంగ్లీషు చదవడు, చూస్తాడు.

"నోటీసేనండి. అక్షరాలకి కాళ్లున్నాయి చూడండి. మీ బావగారు దావా వేసేశారు."

"మూలల్లో ఈ పసుపేంటయ్యా?"

"కోర్టు ముద్రండి. వానకి కారినట్టుంది."

"ఎప్పుడు రమ్మన్నారు?"

"అంకెలు నాకొచ్చండి. పన్నెండో తారీకు, పొద్దున్న ఎనిమిదీ నలభై రెండు."

"నలభై రెండేంటి?"

"కొత్త జడ్జిగారు నిమిషాల మనిషై ఉంటారండి. చెట్టు చూడాలి కాబట్టి విచారణ వాళ్లింటి దగ్గరే. మీరు వెళ్లకపోతే చెట్టు పోద్ది."

పెళ్లికి పిలిస్తే రాని మనిషి, దావా అనేసరికి ఎనిమిదింటికే వచ్చారు. చంకలో దస్తావేజులు, జేబులో నేను, వెనుక ఇద్దరు సాక్షులు. సన్నాయి విని జడ్జిగారి రాక అనుకున్నారు. లోపల ఖాళీ గంప పక్కన మేనకోడలు నిలబడి ఉంది.

"వచ్చేవా మావయ్యా," అంది. అప్పటిదాకా బిగబట్టిన ఏడుపు అప్పుడొచ్చింది.

ఆయన తోరణాలు చూశారు, పురోహితుణ్ణి చూశారు.

"ఇది పనసచెట్టు సంగతి కాదటమ్మా?"

"ఏ చెట్టు మావయ్యా? ముహూర్తం దాటిపోతోంది," అంటూ ఆమె గంపలో కూర్చుంది.

గంపకు రెండు చేతులూ కావాలి. అందుచేత, ఆరేళ్లుగా ఎవరికీ చూపించని దస్తావేజులను, దగ్గరలో ఉన్న మనిషి చేతుల్లో పెట్టారు. ఆ మనిషి ధర్మారావు గారు. గంప రెండో పక్క సాక్షులిద్దరూ పట్టుకున్నారు.

సగం దూరం వెళ్లాక మేనమామ రొప్పుతూ, "కాస్త వాయిదా ఇప్పించండర్రా," అన్నారు.

"వాయిదాల్లేవు బావా, నడు," అన్నారు ధర్మారావు గారు, దస్తావేజులు గుండెకు హత్తుకుని.

ప్రెస్సు మూతపడ్డాక నేను పాత ఇనుము కొట్టుకు చేరాను. రేపో మాపో కరిగిస్తారు, చింత లేదు. ఆనాడు భోజనాలయ్యాక, దస్తావేజుల ఊసే ఎత్తకుండా, బావ ఇచ్చిన తాంబూలం నములుతూ ఆయన బండెక్కడం జేబులోంచి చూశాను.